రిపోర్టులో చివరి రోజు బిల్లులు రాకపోతే

డేటాబేస్ నుంచి రిపోర్టులు తయారుచేసే ఎస్‌క్యూఎల్ సర్వర్ రిపోర్టింగ్ సర్వీసెస్‌లో ‘నుంచి’, ‘వరకు’ అని రెండు తేదీ పారామీటర్లు పెట్టి, క్వెరీలో బిట్వీన్ (రెండు విలువల మధ్య ఉన్నవాటిని తెచ్చే షరతు) రాసి వదిలేయడం చాలామందికి అలవాటు. క్యాలెండర్‌లో మార్చి 31 ఎంచుకుంటే పారామీటర్‌లోకి వెళ్లేది ఆ రోజు మొదలయ్యే 00:00 గంటల సమయం కాబట్టి, కాలమ్‌లో తేదీతో పాటు సమయం కూడా ఉన్నప్పుడు, 31న ఉదయం 10:15కి వేసిన బిల్లు రిపోర్టులోకి రాదు; పైగా ఎర్రర్ కూడా ఏదీ కనిపించదు. అందువల్ల మొదటి తేదీకి ‘సమానం లేదా ఎక్కువ’ అనీ, చివరి తేదీకి డేట్‌యాడ్ అనే తేదీ ఫంక్షన్‌తో ఒక రోజు కలిపి ‘దానికంటే తక్కువ’ అనీ షరతులు రాయడం మేలు. చివరి తేదీకి 23:59:59 అతికించే పద్ధతిని నేను సూచించను, ఎందుకంటే ఆ ఆఖరి సెకను మధ్యలో నమోదైనవి తప్పిపోతాయి. ఆ ఒక్క రోజును కాలమ్‌ వైపు కాకుండా పారామీటర్ వైపే కలపాలి. కాలమ్‌ను ఫంక్షన్‌లో పెడితే వెతకడాన్ని వేగవంతం చేసే దాని ఇండెక్స్ సాధారణంగా అక్కరకు రాదు.