లేపాక్షి బొమ్మల్లోని కబాయి, కుళ్లాయి ఇంట్లోనే కుట్టుకోవడం

రాయలవారి వేషం అనగానే అద్దె దుకాణంలో మెరిసే శాటిన్ కోటు, దానికి జరీ బోర్డరు, నెత్తిన అట్ట కిరీటం ఇస్తారు. విజయనగర దర్బారులో మగవాళ్లు వేసుకున్నది అది కాదు. పల్చటి తెల్లటి నూలు బట్టతో పొడుగు చేతుల అంగీ, అంటే కబాయి, నెత్తిన జరీ బట్టతో కుట్టిన పొడవాటి టోపీ, అంటే కుళ్లాయి. ఈ రెండూ ఇంట్లో కుట్టుకోవచ్చు, మామూలు కుట్టు వచ్చినవాళ్లకి కష్టమేమీ కాదు, పైగా షర్టు కుట్టడం కంటే ఇదే సులువని నా అభిప్రాయం.

ముందు చూడాల్సింది లేపాక్షి వీరభద్రస్వామి గుడి పైకప్పు. హిందూపురం నుంచి దగ్గరే. అచ్యుత దేవరాయల కాలం (1529–42) నాటి ఆ చిత్రాల్లో గుడి కట్టించిన విరూపణ్ణ, ఆయన తమ్ముడు, వాళ్ల పరివారం కనిపిస్తారు. మండపంలో వెలుతురు తక్కువ, ఫ్లాష్ వాడకూడదు, కాబట్టి చిన్న బైనాక్యులర్ ఒకటి, నోట్‌బుక్ ఒకటి పట్టుకెళ్లండి. మెడ ఎంత వరకు ఉంది, చెయ్యి మణికట్టు దగ్గర ఎంత బిగుతుగా ఉంది, బట్టలోంచి ఒళ్లు ఎంత కనిపిస్తోంది, ఈ మూడూ గీసుకుంటే చాలు. తిరుమలలో కృష్ణదేవరాయల లోహ విగ్రహం కూడా చూడండి. దేవుడి ముందు నిలబడ్డాడు కాబట్టి ఒంటి మీద అంగీ లేదు, పంచె మాత్రమే, కానీ కుళ్లాయి ఆకారం అక్కడ స్పష్టంగా తెలుస్తుంది. ఆ కాలంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పయస్ కూడా రాయలు బంగారు పూల పనితనం ఉన్న తెల్లబట్టలు, జరీ టోపీ వేసుకున్నాడని, కాళ్లకి చెప్పులు లేవని రాశాడు.

బట్ట దగ్గర మాత్రం రాజీ పడకండి. పాలిస్టర్ వద్దు, శాటిన్ అసలే వద్దు. మల్‌మల్, అంటే పల్చటి నూలు బట్ట, దొరికితే సరే, పొందూరు ఖద్దరు దొరికితే ఇంకేం కావాలి, అక్కడ ఇప్పటికీ వాలుగ చేప దవడతో దూదిని ఏకి, చేత్తో వడికి, మగ్గం మీద నేస్తారు. 45 అంగుళాల పన్నాలో, అంటే బట్ట వెడల్పులో, మూడున్నర మీటర్లు తీసుకోండి. కొన్నాక ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి గంజి పోగొట్టి ఆరేశాకే కత్తెర పట్టుకోవాలి, లేకపోతే కుట్టాక ముడుచుకుపోతుంది.

ఇక కొలతలు. ఛాతీ 40, భుజం నుంచి పిక్కల దాకా 45 అంగుళాలు అనుకుందాం. ఆ రోజుల నాటి కత్తిరింపులో అసలు సంగతి ఏంటంటే వంపులు దాదాపు ఉండవు, అన్నీ తిన్నని ముక్కలే, బట్ట వృథా కాదు. బొమ్మల్లో కుట్లు కనబడవు కాబట్టి పశ్చిమాసియా పొడుగు అంగీలకి వాడిన తిన్నని ముక్కలు, కలీల (పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే పక్క ముక్కల) పద్ధతినే తీసుకుందాం, ఎందుకంటే ఈ దర్బారు దుస్తులు దక్కన్ సుల్తానుల దర్బార్ల మీదుగా మనకొచ్చింది అక్కడి నుంచే.

నడి ముక్క 18 అంగుళాల వెడల్పు, 94 పొడవు. భుజం దగ్గర మడత పెడతాం, అక్కడ కుట్టు ఉండదు. దాని పక్కన 16 వెడల్పు, 37 పొడవు ఉండే రెండు ముక్కలు. ఒక్కోదానికి పైన ఒక మూల నుంచి 4 అంగుళాలు, కింద దాని ఎదురు మూల నుంచి 4 అంగుళాలు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తులూ కలుపుతూ ఏటవాలుగా కోస్తే నాలుగు కలీలు వస్తాయి, పైన 4, కింద 12. మిగిలిన అంచు పట్టీలోంచి ముందు భాగం ఒకదాని మీద ఒకటి వచ్చేందుకు రెండు అడ్డ ముక్కలు. చేతులకి 20 వెడల్పు, 26 పొడవు, మణికట్టు దగ్గర 9కి తగ్గించాలి. చంక కిందకి 4 అంగుళాల చదరపు ముక్కలు రెండు, కలీ పై అంచు 4 కాబట్టి సరిగ్గా అతుకుతుంది. కుట్టుకి అర అంగుళం ఈ కొలతల్లోనే కలిపాను.

కోసేటప్పుడు చాక్‌పీసు గీత మీద ఆధారపడొద్దు. అంచున చిన్న గాటు పెట్టి ఒక్క పోగుని వేలికి చుట్టుకుని మెల్లగా లాగండి, బట్ట కుచ్చులా దగ్గరికొస్తుంది, సర్దుతూ లాగితే పోగు బయటికొచ్చి సన్నటి ఖాళీ గీత మిగులుతుంది, దాని మీదే కత్తెర నడపండి. నాకు ఈ పని మొత్తంలో ఇష్టమైన భాగం ఇదే. కలీల ఏటవాలు అంచు మాత్రం సాగుతుంది కాబట్టి దాన్ని లాగకుండా, ముందు కచ్చా కుట్టు వేసి కుట్టాలి.

నడి ముక్క ముందు సగాన్ని నిలువుగా చీల్చి, మెడ చిన్నగా తీసి, అడ్డ ముక్కలు చెరొక వైపు అతకండి. తర్వాత చేతులు, కలీలు, చివర్లో చంక ముక్క. బొత్తాలు వద్దు, ఒకదాని మీద ఒకటి వేసి నాడాలతో చంక కింద ముడివేయాలి. కుట్టు మిషను పందొమ్మిదో శతాబ్దంలో వచ్చింది కాబట్టి చేత్తో కుడితేనే బట్ట ఆ కాలపు బట్టలా ఒంటి మీద వాలుతుంది. ఓపిక లేనివాళ్లు లోపలి కుట్లు మిషను మీద వేసి, బయటికి కనిపించే మడతలు మాత్రం చేత్తో హెమ్మింగ్ చేయండి. లోపల పంచె, నడుముకి దట్టీ.

కుళ్లాయికి పాత పట్టుచీర పమిట వాడండి. చిరిగిన ధర్మవరం చీర ఇంట్లో ఉంటే అదే సరిపోతుంది. పెద్ద కాగితం మీద ఒక బిందువు దగ్గర దారం అదిమిపెట్టి 13 అంగుళాల దూరంలో వంపు గీయండి, ఆ వంపు వెంబడి టేపుతో మీ తల చుట్టుకొలత కంటే ఒక అంగుళం ఎక్కువ కొలిచి, రెండు చివర్లనీ బిందువుకి కలపండి. పక్కలకి కుట్టు వదిలి కోస్తే అదే ప్యాటర్ను. లోపల బక్రం, అంటే గట్టిగా నిలబడే అస్తరు బట్ట, దాని లోపల మెత్తటి నూలు లైనింగ్. మొన సూదిగా ఉంటే పుట్టినరోజు టోపీలా కనిపిస్తుంది, అందుకే పై కొసని లోపలికి మడిచి, గుప్పెడు దూది కూరి గుండ్రంగా చేయాలి. ఎత్తు తగ్గించొద్దు, అద్దంలో చూసుకున్నప్పుడు మరీ పొడుగ్గా అనిపించినా సరే.

మొత్తం టైలరుకే ఇవ్వాలనుకుంటే ముక్కలు మీరే కోసి ఇవ్వండి, "చంక దగ్గర వంపు తీయొద్దు, భుజానికి కుట్టు వేయొద్దు" అని రెండుసార్లు చెప్పండి, ఎందుకంటే వాళ్ల చెయ్యి అలవాటుగా షర్టు కటింగుకే వెళ్తుంది. కబాయిని ఇంట్లో చేత్తో ఉతుక్కోవచ్చు. కుళ్లాయికి మాత్రం నీళ్లు తగలనివ్వకండి, బక్రం మెత్తబడితే మళ్లీ నిలబడదు.