రంగు గాజు కొవ్వొత్తి స్టాండు ఎవరు చేసినదో తెలుసుకోవడం

అమెరికా లూథరన్ మిషనరీలు పనిచేసిన రాజమహేంద్రవరంలోనో, 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంలోనో, పాత ఇంటి అటక మీద ఆకుపచ్చ గాజు కొవ్వొత్తి స్టాండు దొరికితే ఎవరైనా ముందు రంగునే చూస్తారు. రంగును కాసేపు పక్కన పెట్టి, స్టాండును తలకిందులుగా పట్టుకోవాలి.

అంతకుముందు దానిని శుభ్రం చేయాలి. గుంటలో గడ్డకట్టిన మైనాన్ని గోరువెచ్చని నీళ్లలో మెత్తబడనిచ్చి వెదురు పుల్లతో తీసి, కుంకుడు రసంతో కడగాలి. మరిగే నీళ్లు పోస్తే గాజు చిట్లవచ్చు.

తరువాత వెలుతురు పక్కనుంచి పడేలా కిటికీ దగ్గర పట్టుకొని, పీఠం అడుగునూ కాడనూ భూతద్దంతో వెతకాలి. అరిగిన గుర్తు మీద చిటికెడు బియ్యప్పిండి చల్లి, పైపైన తుడిస్తే గీతల్లో పిండి నిలిచి ఆకారం తేలుతుంది. నెమలి తల అయితే ఇంగ్లండులోని గేట్స్‌హెడ్‌కు చెందిన సోవర్‌బీ గాజు కంపెనీది. ఆ గుర్తు 1876లో నమోదైంది. త్రిభుజంలో ‘సి’ కేంబ్రిడ్జిది, వజ్రాకారంలో ‘హెచ్’ హైసీది. ఇవి రెండూ అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు గాజు కంపెనీలు. బ్రిటిష్ వస్తువుల మీద 1842 నుంచి 1883 వరకు కనిపించే వజ్రాకారపు డిజైన్ నమోదు ముద్ర వేరు: దాని పైనున్న చిన్న వృత్తంలోని రోమన్ మూడు అంకె గాజును సూచిస్తుంది. 1884 నుంచి దాని స్థానంలో వరుస సంఖ్య వచ్చింది. ఇవి డిజైన్ నమోదైన కాలాన్ని చెబుతాయే గాని, ఆ స్టాండు తయారైన సంవత్సరాన్ని కాదు. ఫ్రాన్సుకు చెందిన బకారా గాజు కంపెనీ 1936 నుంచి ఆమ్లంతో ముద్ర వేసింది. అంతకుముందు అంటించిన కాగితపు చీటీ మన గోదావరి చెమ్మకు నిలిచి ఉంటుందని ఆశించలేం.

గుర్తు దొరికినంత మాత్రాన పని ముగియదు, ఎందుకంటే కంపెనీలు మూతపడినా అచ్చులు చేతులు మారాయి. ఇంపీరియల్ అనే మరో అమెరికా గాజు కంపెనీ 1958లో హైసీ అచ్చులను, 1960లో కేంబ్రిడ్జి అచ్చులను కొన్నది. అందుచేత హైసీ గుర్తుతోనే ఇంపీరియల్ పోసిన గాజూ ఉంది. రంగు అక్కరకు వచ్చేది ఇక్కడే: హైసీ ఎన్నడూ పోయని రంగులో ఆ గుర్తు కనిపిస్తే, అచ్చు హైసీది, గాజు మరొకరిది. అల్ట్రావయొలెట్ టార్చి వెలుగులో కాంతివంతమైన ఆకుపచ్చ రంగులో మెరిస్తే అందులో యురేనియం ఉన్నట్టే, కాని ఆ పదార్థాన్ని ఎన్నో ఫ్యాక్టరీలు వాడాయి.

గుర్తే లేకపోతే ఎత్తు, పీఠం వెడల్పు, కాడకున్న పలకల సంఖ్య రాసుకొని పాత కేటలాగు బొమ్మలతో పోల్చాలి. చేపలా కనిపించే డాల్ఫిన్ స్టాండ్లను పలు కంపెనీలు చేశాయి గనుక, వాటి తోక మెలిక, పొలుసుల వరుస, పీఠానికున్న మెట్లు విడివిడిగా చూడాలి. జత దొరికినా రెండింటినీ వేర్వేరుగానే కొలవాలి. ఒకటి పగిలినప్పుడు మరో అచ్చులోనిది తెచ్చి జతచేసి ఉండవచ్చు.