భ్రమణ చలనం, 4వ పాఠం: సీలింగ్ ఫ్యాన్ ఎందుకు ఊగుతుంది?

తిరిగే వేగం మారడాన్ని వస్తువు ఎంతగా అడ్డుకుంటుందో చెప్పేది జడత్వ భ్రామకం. దానికి ద్రవ్యరాశిని అక్షం నుంచి దూరం వర్గంతో గుణించాలని గత పాఠంలో చూశాం. ఈసారి వర్గం లేని లబ్ధం, అంటే ద్రవ్యరాశి ఇంటు దూరం. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకోవడం మామూలే.

1200 మి.మీ. ఫ్యాన్ నిమిషానికి 360 చుట్లు తిరుగుతోందనుకోండి. సెకనుకు 6 చుట్లు, కోణీయ వేగం 37.7 రేడియన్లు. ఒక రెక్క మీద, అక్షానికి 50 సెం.మీ. దూరంలో 6 గ్రాముల బిళ్ళ అంటించాం. దాన్ని వృత్తంలో తిప్పడానికి కావలసిన బలం, అంటే ద్రవ్యరాశి × దూరం × కోణీయ వేగం వర్గం:

0.006 × 0.5 × 37.7 × 37.7 = 4.3 న్యూటన్లు

సుమారు 430 గ్రాముల బరువంత! మిగతా రెక్కల్లో దానికి సాటి లేకపోతే రాడ్డును ఆ బలం పక్కకి లాగుతూ, సెకనుకు ఆరుసార్లు దిక్కులన్నీ చుట్టి వస్తుంది. వేగం సగమైతే లాగుడు నాలుగో వంతే. రెగ్యులేటర్ 2 మీద బుద్ధిగా ఉన్న ఫ్యాన్ 5 మీద ఊగేది అందుకే.

ఇక సరిచేయడం. మెయిన్ ఆపేయండి, రెగ్యులేటర్ సున్నాలో పెడితే చాలదు. రెక్కల దుమ్ము తుడిచి, స్క్రూలన్నీ బిగించండి. పైన హుక్కు దగ్గర రబ్బరు బుష్, బోల్టు, పిన్ను చూడండి. అవి అరిగితే ఫ్యాన్ వాడకూడదు. తర్వాత స్కేలు ఒకేచోట ఉంచి, రెక్కలను చేత్తో తిప్పుతూ ఒక్కో కొసకూ సీలింగ్‌కూ మధ్య దూరం కొలవండి. ఒకటి 5 మి.మీ. దాటి తేడాగా ఉంటే ఆ రెక్క వంగింది. అది గాలిని మిగతా వాటితో సమానంగా తొయ్యదు. ఇక్కడ బిళ్ళలు అంటించి లాభం లేదు, వంపే తియ్యాలి.

ఎత్తులు సరిపోయాకే బరువు. 5 గ్రాములు ఒక్కో రెక్క మధ్యలో, పైవైపు, గట్టి టేపుతో అంటించి ఫ్యాన్ వేసి చూడండి. ఊపు తగ్గిన రెక్క దొరికాక, ప్రతిసారీ మెయిన్ ఆపి, బరువును కొసవైపు కొద్దికొద్దిగా జరపండి. ఊడితే రాయిలా తగులుతుంది, కాబట్టి పరీక్షించేటప్పుడు ఫ్యాన్ కింద నిలబడొద్దు.

ఫ్యాన్ నెమ్మదిగా వేగం అందుకోవడం వేరే జబ్బు. జడత్వ భ్రామకం మారలేదు, మోటారు టార్క్, అంటే తిప్పే శక్తి, తగ్గింది. ముందు కండెన్సర్‌ని అనుమానించండి. చాలా ఫ్యాన్లలో అది 2.5 మైక్రోఫారడ్లు. కొత్తది పాతదాని మీద రాసిన విలువకే కొనండి.

అభ్యాసం: 50 సెం.మీ. దగ్గరి 6 గ్రాములకు బదులు, అదే రెక్క మీద 20 సెం.మీ. దగ్గర ఎంత పెడితే అదే లాగుడు వస్తుంది? జడత్వ భ్రామకం కూడా అంతే ఉంటుందా?

జవాబు: 15 గ్రాములు. ఉండదు. మొదటిది 0.0015, రెండోది 0.0006 కి.గ్రా.మీ².