ఫోన్ ఇంటర్వ్యూ – 3వ పాఠం: పదిహేనా, యాభయ్యా?

పోయిన పాఠంలో "మీ గురించి చెప్పండి" అన్న ప్రశ్నకు జవాబు రాసి పెట్టుకోమన్నాను. చూసి చదవొద్దని గట్టిగా చెప్పాల్సింది, చెప్పలేదు. అనంతపురం నుంచి ఇద్దరు, ఆదోని నుంచి ఒకమ్మాయి తమ జవాబు రికార్డు చేసి పంపారు. ముగ్గురూ చదివేశారు. చదివే గొంతు రెండో వాక్యానికే పట్టుబడిపోతుంది. మాట ఆగాల్సిన చోట ఆగదు, కాగితంలో లైను అయిపోయిన చోట ఆగుతుంది.

ఆ కాగితం చించేయండి. పోస్టుకార్డంత ముక్క మీద ఐదే మాటలు రాయండి. పెనుకొండ దగ్గర కియాకు విడిభాగాలిచ్చే యూనిట్లో పనిచేసే అబ్బాయికైతే: డిప్లొమా, కడప, క్వాలిటీ, 13 నెలలు, బెంగళూరు ఎందుకు. వాక్యం అప్పటికప్పుడు నోట్లో కట్టుకోవాలి. నేనైతే నిలబడే మాట్లాడతాను, కూర్చుంటే నా గొంతు దిగిపోతుంది.

ఛార్జింగు, తలుపేసిన గది, ముందర రెజ్యూమె... ఇవి మీకు తెలిసినవే. సిగ్నల్ కోసం మాత్రం మిద్దె ఎక్కొద్దు. ఆషాఢంలో మన వైపు గాలి ఎట్లుంటుందో తెలుసు కదా, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. మైకులో ఆ హోరే వినిపిస్తుంది.

ఇక అంకెలు. నాకు తెలిసిన కర్నూలు పిల్లోడిని నోటీస్ పీరియడ్, అంటే రాజీనామా ఇచ్చాక పాత కంపెనీలో ఉండాల్సిన రోజులు, ఎంతని అడిగారు. "ఫిఫ్టీన్ డేస్" అన్నాడు. అవతల ఫిఫ్టీ అని రాసుకున్నారు. అన్ని రోజులు ఆగలేమని వేరేవాళ్ళను తీసుకున్నారు. నెల తర్వాత గానీ సంగతి తెలియలేదు. అన్ని జవాబులూ బాగా చెప్పిన పిల్లోడు! ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఫోన్లో మాటలు ఎందుకిట్లా తారుమారవుతాయంటే, పాత కొలత ఫోన్ లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే లెక్క) దాకానే శబ్దాన్ని మోస్తుంది. ఎస్‌కూ ఎఫ్‌కూ తేడా తెలిపే బుస చాలావరకు అంతకు పైన ఉంటుంది, అందుకే ఒకటి చెబితే ఇంకొకటి వినిపిస్తుంది. 4జీ కాల్స్‌లో ఆ వెడల్పు పెరిగింది, కానీ అవతల ఆఫీసులో పాత ల్యాండ్‌లైనుంటే మళ్ళీ అదే కొలత. ఫిఫ్టీన్, ఫిఫ్టీల గొడవ వేరు. ఇంగ్లీషువాళ్ళు ఫిఫ్టీని మొదట నొక్కుతారు, ఫిఫ్టీన్‌ను చివర నొక్కుతారు. మనం రెండింటినీ మొదటే నొక్కుతాం. ఇక తేడాకు మిగిలేది చివరి 'న్' ఒక్కటే. ముక్కులోంచి వచ్చే ఆ మెత్తటి శబ్దం లైనులో కరిగిపోతుంది.

కాబట్టి అంకె చెప్పిన వెంటనే విడగొట్టి మళ్ళీ చెప్పండి: "ఫిఫ్టీన్, వన్ ఫైవ్." నెలలు, జీతం, తేదీ, మార్కులు, అన్నీ ఇట్లాగే. పేరు అక్షరాలు చెప్పేటప్పుడు "టీ ఫర్ తాడిపత్రి" అంటే పూణేలో ఉన్నాయనకు తాడిపత్రి స్పెల్లింగు కూడా చెప్పాల్సొస్తుంది. టైగర్, ఢిల్లీ, బాంబే చాలు.

వాళ్ళు చెప్పిన అంకె సరిగా వినపడకపోతే "ఎస్ సర్" అనకండి. "సర్, వన్ ఫైవా, ఫైవ్ జీరోనా?" అన్న అర్థం వచ్చేట్టు ఇంగ్లీషులో అడగండి. అడిగితే చులకనైపోతామని మనవాళ్ళకు భయం. బ్యాంకు కౌంటర్ దగ్గర నోట్లు లెక్కపెట్టుకుంటే ఎవరైనా చులకనగా చూస్తారా?

అభ్యాసం: వేరే ఇంట్లో ఉన్న స్నేహితుడికి మామూలు కాల్ చేయండి, వాట్సాప్ వద్దు. 13, 30 మొదలు 19, 90 దాకా ఉన్న ఏడు జతలను కలిపేసి, కొన్ని మళ్ళీ వచ్చేట్టు, 20 అంకెలు చెప్పండి. మొదట విడగొట్టకుండా, తర్వాత విడగొట్టి. అవతల రాసుకున్నది ఫోటో తీసి పంపమనండి. విడగొట్టినప్పుడు 20కి 20 రావాలి, 19 వస్తే మళ్ళీ మొదటి నుంచి. మూడు రోజులు, ముగ్గురు వేర్వేరు మనుషులతో చేయండి. వాళ్ళలో ఒకరు తెలుగు రానివాళ్ళయితే ఇంకా మేలు. ఆ కాగితాలు దగ్గర పెట్టుకోండి, 4వ పాఠంలో జీతం మాట వాటితోనే మొదలుపెడతాం.