కారులో సబ్‌వూఫర్ పెట్టె: కొలిచి చేయించుకోవడం, చూసి కొనుక్కోవడం

కారులో మంచి బేస్, అంటే పాటలోని అడుగు స్వరం, కావాలనుకునేవారు దాన్ని పలికే సబ్‌వూఫర్ అనే పెద్ద స్పీకర్ ఏ కంపెనీది, ఆంప్లిఫయర్ ఎన్ని వాట్లది అనే రెండు విషయాల మీదే ఆలోచనంతా పెడతారు. స్పీకర్‌ను బిగించే పెట్టె విషయానికి వచ్చేసరికి దుకాణంలో ఏది సిద్ధంగా ఉంటే దానితోనే సరిపెట్టుకుంటారు. నా దృష్టిలో ఇది తలకిందుల లెక్క. స్పీకర్‌లో ముందుకూ వెనక్కీ ఊగే గరాటు ఆకారపు భాగమైన కోన్ ముందుకు కదిలినప్పుడు ముందువైపు గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనుకవైపు గాలి పలచబడుతుంది. ఈ రెండు తరంగాలూ కలిస్తే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే పెట్టె లేకుండా బయట పెట్టి మోగిస్తే పన్నెండు అంగుళాల ఖరీదైన స్పీకర్ నుంచి కూడా బేస్ దాదాపు వినిపించదు. వెనుక తరంగాన్ని ముందు తరంగంతో కలవనీయకుండా ఆపడం పెట్టె చేసే మొదటి పని. లోపల బంధించిన గాలితో కోన్ కదలికను అదుపులో ఉంచడం రెండో పని. ఈ రెండో పనిని ఆధారం చేసుకునే అమెరికాలో ఎడ్గార్ విల్చర్ 1954లో చిన్న మూసిన పెట్టెలోంచి లోతైన బేస్ రాబట్టి చూపించారు. కాబట్టి పెట్టె లోపలి ఘనపరిమాణం, అది గాలి చొరబడకుండా ఉండటం అనే రెండింటినీ సరిచూసుకున్నవారికి మధ్యస్థాయి స్పీకర్ కూడా చక్కగా పలుకుతుంది.

ముందు డిక్కీని కొలవండి

స్పీకర్ కొనకముందే టేపు పట్టుకుని డిక్కీ వెడల్పు, లోతు, ఎత్తు రాసుకోవాలి. లోతును నేల దగ్గర ఒకసారి, వెనుక సీటు పైభాగం దగ్గర ఒకసారి కొలవాలి, ఎందుకంటే సీటు వాలుగా ఉంటుంది. 2018లో వచ్చిన స్విఫ్ట్‌లో డిక్కీ మొత్తం 268 లీటర్లు, దాని ముందు ఏడాది వచ్చిన డిజైర్‌లో 378 లీటర్లు. పన్నెండు అంగుళాల స్పీకర్ పెట్టె బయటి కొలతల్లో 60 లీటర్ల దాకా ఆక్రమిస్తుంది కనుక ఊరికి వెళ్లేటప్పుడు సూట్‌కేసులకు ఎంత చోటు మిగులుతుందో ఇంట్లోవాళ్లతో కలిసి ముందే చూసుకోవడం మంచిది. స్టెప్నీ టైరు డిక్కీ నేల కింద ఉండే కార్లలో పెట్టె ఒక్కరే ఎత్తి పక్కన పెట్టగలిగేలా ఉండాలి. సీఎన్‌జీ సిలిండర్ డిక్కీలో ఉన్నవారు పెట్టె ఆలోచన మానుకుని, సీటు కింద ఇమిడే, ఆంప్లిఫయర్ లోపలే ఉన్న పలుచని సబ్‌వూఫర్ తీసుకోవడమే సరైనది. పయనీర్, సోనీ, జేబీఎల్ వంటి సంస్థలు ఇలాంటివి అమ్ముతున్నాయి. వాటి నుంచి ఛాతీ అదిరే దరువు రాదు గాని, పాటలో లోపించిన అడుగు స్వరం వస్తుంది.

మూసిన పెట్టెనా, పోర్ట్ పెట్టెనా

పూర్తిగా మూసిన పెట్టె చిన్నదిగా ఉంటుంది, చేయడం తేలిక, కొలతల్లో కొద్దిపాటి తేడా వచ్చినా పెద్దగా చెడిపోదు. మృదంగం, తబలా, డప్పు వంటి వాద్యాల దెబ్బ దెబ్బగానే తెగి వినిపిస్తుంది. పోర్ట్ పెట్టెలో ఒక గొట్టం లేదా చీలిక ద్వారా వెనుక తరంగాన్ని కూడా బయటికి తీసుకువస్తారు కనుక అదే వాట్లకు ఎక్కువ మోత వస్తుంది. అయితే అది మూసిన పెట్టెకు దాదాపు ఒకటిన్నర రెట్లు పెద్దదిగా ఉండాలి, గొట్టం పొడవు కచ్చితంగా లెక్కించాలి, పోర్ట్ ట్యూన్ అయిన స్థాయికి, అంటే ఆ గొట్టం బాగా మోగేలా లెక్కకట్టిన స్వరానికి, కింద కోన్‌కు గాలి పట్టు పోతుంది కనుక మరీ కింది స్వరాలను ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ ఆంప్లిఫయర్‌లో తప్పనిసరిగా ఉండాలి.

మూసిన పెట్టెకు కారులో మరొక సౌలభ్యం ఉంది. కారు లోపలి పొడవు ఇంచుమించు రెండున్నర మూడు మీటర్లు. సుమారు 60 హెర్ట్జ్‌కు (సెకనుకు 60 కంపనాలు) కింద తరంగంలో సగం కూడా ఆ పొడవులో ఇమడదు కనుక, అక్కడి నుంచి కిందికి వెళ్లేకొద్దీ కారు తనంతట తానే శబ్దాన్ని పెంచుతుంది. మూసిన పెట్టె బేస్ సరిగ్గా ఆ ప్రాంతంలోనే క్రమంగా తగ్గుతూ వస్తుంది. ఒకటి తగ్గించిన దాన్ని మరొకటి పూరిస్తుంది. మన చిన్న కార్లకు, అన్ని రకాల సంగీతమూ వినేవారికి నేను మూసిన పెట్టెనే సిఫారసు చేస్తాను.

స్పీకర్ కాగితంలోని అంకెలు

స్పీకర్‌తో పాటు వచ్చే కాగితం మీద ఎఫ్‌ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అనే అంకెలు ఉంటాయి. ఆస్ట్రేలియాలో పనిచేసిన నెవిల్ థీల్ 1961లోనూ, రిచర్డ్ స్మాల్ 1970ల తొలినాళ్లలోనూ ప్రచురించిన పరిశోధన వల్ల ఈ అంకెలతో పెట్టెను ముందుగానే లెక్కకట్టడం సాధ్యమైంది. ఎఫ్‌ఎస్ అంటే స్పీకర్ సహజంగా కంపించే స్థాయి; వీఏఎస్ అంటే కోన్ బిగువుతో సమానమైన బిగువు ఉన్న గాలి ఎన్ని లీటర్లో చెప్పే అంకె; క్యూటీఎస్ అంటే కోన్ కదలికకు ఎంత అదుపు ఉందో తెలిపే అంకె. అదే కాగితం మీద క్యూఈఎస్ అని ఉండేది ఆ అదుపులో విద్యుత్ వైపు నుంచి వచ్చే భాగాన్ని తెలిపే అంకె. ఎఫ్‌ఎస్‌ను క్యూఈఎస్‌తో భాగించినప్పుడు 50 కంటే తక్కువ వస్తే ఆ స్పీకర్ మూసిన పెట్టెకు, 100కు దగ్గరగా లేదా అంతకు మించి వస్తే పోర్ట్ పెట్టెకు అనువైనదని మోటుగా తేల్చుకోవచ్చు.

మూసిన పెట్టె లెక్క ఇలా సాగుతుంది. వీఏఎస్‌ను పెట్టె లీటర్లతో భాగించి, వచ్చిన దానికి ఒకటి కలిపి, వర్గమూలం తీసి, దానితో క్యూటీఎస్‌ను గుణించాలి. ఫలితం 0.707 వస్తే స్పందన అత్యంత సమంగా ఉంటుంది, కారులో 0.7 నుంచి 0.9 దాకా హాయిగా వినవచ్చు. ఒకటి దాటితే బేస్ ఒకే స్వరం మీద గుమ్మంటూ మోగుతుంది. ఉదాహరణకు ఎఫ్‌ఎస్ 30 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.5, వీఏఎస్ 50 లీటర్లు ఉన్న స్పీకర్‌ను 50 లీటర్ల పెట్టెలో పెడితే సరిగ్గా 0.707 వస్తుంది. 35 లీటర్లలో 0.78, 20 లీటర్లలో 0.94 వస్తాయి. కారులో చోటు, వినికిడి రెండూ చూసుకుంటే ఈ స్పీకర్‌కు 35 లీటర్లు చక్కని మధ్యే మార్గం. లెక్కలు కష్టమనిపిస్తే తయారీదారు సూచించిన ఘనపరిమాణాన్నే పాటించండి. కాగితం మీద అది ఘనపుటడుగుల్లో ఉంటే 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి.

35 లీటర్లు అన్నది నికరంగా మిగలవలసిన గాలి. స్పీకర్ వెనుక భాగం 2 నుంచి 3 లీటర్లు, లోపలి అడ్డకర్ర దాదాపు ఒక లీటరు ఆక్రమిస్తాయి కనుక పెట్టె లోపల సుమారు 38.5 లీటర్లు ఉండాలి. లోపలి ఎత్తు 34, వెడల్పు 42, లోతు 27 సెంటీమీటర్లు పెట్టుకుంటే 38,556 ఘన సెంటీమీటర్లు, అంటే కావలసినంత వస్తుంది. వడ్రంగికి ఈ కొలతలు ఇచ్చేటప్పుడు ఇవి లోపలివని కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాలి. ఎందుకంటే ఇవే అంకెలను బయటి కొలతలుగా తీసుకుని 18 మిల్లీమీటర్ల చెక్కతో చేస్తే లోపల 27 లీటర్లే మిగులుతాయి, అంటే పదకొండు లీటర్లు పోయినట్లే. సీటు వాలుకు తగ్గట్టు పెట్టె వెనుక పలకను ఏటవాలుగా పెట్టాలంటే పై లోతును, కింది లోతును కలిపి సగం చేసి, ఆ సగటునే లోతుగా లెక్కలోకి తీసుకోవాలి.

పోర్ట్ పెట్టె ఎంచుకున్నవారికి ఒక నమూనా: నికరంగా 50 లీటర్ల గాలి ఉన్న పెట్టెను 33 హెర్ట్జ్‌కు ట్యూన్ చేయాలంటే లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లు ఉన్న పీవీసీ గొట్టం 36 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. ఆ గొట్టం ఆక్రమించే మూడున్నర లీటర్లను కూడా పెట్టె కొలతకు కలపాలి. గొట్టం లోపలి చివరకు, ఎదురుగా ఉన్న పలకకు మధ్య కనీసం గొట్టం వ్యాసమంత ఖాళీ వదలాలి.

చెక్క, కోత, అతుకులు

చెక్క నారను జిగురుతో నొక్కి చేసే ఎండీఎఫ్ పలక, 18 మిల్లీమీటర్ల మందంది, ఈ పనికి వాడుకలో ఉన్నది. అది బరువుగా, లోపల ఖాళీలు లేకుండా, ఒకే సాంద్రతతో ఉంటుంది. అయితే మామూలు ఎండీఎఫ్‌కు నీరు తగిలితే ఉబ్బుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల గాలి తేమకు, వానాకాలంలో తడిసిన గొడుగులు డిక్కీలో పడేసే మన అలవాటుకు తేమను తట్టుకునే హెచ్‌డీహెచ్‌ఎంఆర్ పలక మేలు. బరువు తగ్గించుకోవాలంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వాడవచ్చు. పొట్టు నొక్కి చేసే పార్టికల్ బోర్డు మాత్రం వద్దు. దానిలో స్క్రూ పట్టు నిలవదు.

పైన చెప్పిన పెట్టెకు 45.6 x 37.6 సెంటీమీటర్ల పలకలు మూడు (ముందు పలక రెండు పొరలుగా ఉండాలి, వెనుకది ఒకటి), 45.6 x 27 పలకలు రెండు, 34 x 27 పలకలు రెండు కావాలి. నాలుగడుగుల చదరపు ముక్క వీటికి సరిపోతుంది. పలకలను ప్లైవుడ్ దుకాణంలోనే పెద్ద రంపపు యంత్రం మీద కోయించుకోండి, ఎందుకంటే అంచు నిటారుగా రాకపోతే అతుకు ఎప్పటికీ గాలి బిగువుగా కుదరదు. ఇంట్లో కోస్తే ముక్కుకు మంచి మాస్కు పెట్టుకోవాలి. ఎండీఎఫ్ పొడి చాలా సన్ననిది, అందులో జిగురు రసాయనం కూడా ఉంటుంది.

జిగురు పెట్టకముందు పలకలన్నిటినీ ఒకసారి ఊరికే నిలబెట్టి చూడాలి. తర్వాత అంచు పొడవునా ఫెవికాల్ ధారాళంగా రాసి, పది పన్నెండు సెంటీమీటర్లకొక స్క్రూ చొప్పున బిగించాలి. ఎండీఎఫ్ అంచులో ముందుగా సన్నని డ్రిల్ వేయకుండా స్క్రూ దించితే పలక పొరలుగా చీలిపోతుంది. నిజానికి పెట్టెను పట్టి ఉంచేది జిగురే. అది ఆరేదాకా పలకలను కదలకుండా ఉంచడమే స్క్రూల పని. ముందు పలకకు, వెనుక పలకకు మధ్య స్పీకర్‌కు తగలకుండా ఒక అడ్డకర్ర బిగిస్తే పెట్టె గోడలు తాము మోగడం మానేస్తాయి. స్పీకర్ రంధ్రాన్ని స్పీకర్ ప్యాకింగ్‌తో వచ్చిన కాగితపు అచ్చు ప్రకారమే గీసి, జిగ్‌సా రంపంతో కోయాలి.

జిగురు ఆరాక లోపలి మూలలన్నిటికీ సిలికాన్ సీలెంట్ పట్టించి వేలితో నొక్కి, పూర్తి రోజు ఆరనివ్వాలి. పుల్లని వాసన పోకముందే స్పీకర్ బిగిస్తే ఆ ఆవిరి లోపలే చిక్కుకుని కోన్ చుట్టూ ఉండే మెత్తని అంచుకు, లోహ భాగాలకు హాని చేస్తుంది. వైరు టెర్మినల్ చుట్టూ, స్పీకర్ అంచు కింద నురగ (ఫోమ్) పట్టీ వేయడం మరవకూడదు. గాలి ఎక్కువగా కారేది ఈ రెండు చోట్లే. పైపూతకు కార్పెట్, రెక్సిన్ ఏదైనా సరే, అది అందానికే.

సిద్ధంగా ఉన్నది కొనేటప్పుడు

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో గాని, మీ ఊరి కారు సామగ్రి దుకాణంలో గాని తయారుగా ఉన్న పెట్టె కొనడంలో తప్పేమీ లేదు, కాని టేపు వెంట తీసుకువెళ్లాలి. స్పీకర్ రంధ్రంలోంచి చేయి పెట్టి లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, మూడింటినీ గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. రంధ్రం అంచు దగ్గర చెక్క మందం కనిపిస్తుంది. అది 15 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉన్నా, పొట్టు పలుకులు పైకి తేలి ఉన్నా తీసుకోవద్దు. లోపలి మూలలు వేలితో తడిమి చూస్తే జిగురు నిండుగా ఉందో, పిన్నులు కొట్టి వదిలేశారో తెలుస్తుంది. పిడికిలితో పక్క పలకను తడితే గట్టిగా, పొట్టిగా శబ్దం రావాలి. డొల్ల శబ్దం వస్తే లోపల అడ్డకర్ర లేదని అర్థం. రంగు దీపాలకూ, అద్దపు కిటికీలకూ అదనంగా డబ్బు పెట్టడం కంటే అదే సొమ్ముతో మందమైన చెక్క పెట్టె చేయించుకోవడం ఎంతో మేలు. పోర్ట్ పెట్టె అయితే అది ఎన్ని హెర్ట్జ్‌కు ట్యూన్ చేసినదో అడగండి. సమాధానం రాకపోతే ఆ గొట్టం పొడవును ఎవరూ లెక్క కట్టలేదన్నమాట.

బిగింపు, పరీక్ష

మన నమూనా పెట్టె ఒక్కటే పన్నెండు కిలోలుంటుంది. స్పీకర్‌తో కలిపితే ఇంచుమించు ఇరవై. అకస్మాత్తుగా బ్రేకు వేసినప్పుడు ఇంత బరువు వెనుక సీటులో కూర్చున్న పిల్లల మీదికి దూసుకురాగలదు కాబట్టి ఎల్ ఆకారపు క్లాంపులతో గాని, డిక్కీ కొక్కేలకు గట్టి పట్టీలతో గాని దాన్ని కట్టివేయడం తప్పనిసరి. నేలలో డ్రిల్ వేసేముందు కారు కిందికి వంగి చూడాలి. పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు అక్కడే పోతుంటాయి. ఆంప్లిఫయర్‌కు వెళ్లే పవర్ వైరుకు బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు ఉండాలి, వైరు నికార్సయిన రాగిదై ఉండాలి.

స్పీకర్ బిగించాక రెండు చేతుల వేళ్లతో కోన్‌ను మధ్యకు సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. పెట్టె బిగువుగా ఉంటే కోన్ నెమ్మదిగా తన చోటికి వస్తుంది, టక్కున లేచి వస్తే ఎక్కడో గాలి కారుతోంది. తర్వాత తక్కువ శబ్దంతో 40 హెర్ట్జ్ స్వరం మోగిస్తూ, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట నడిపితే పొగ చెదిరిన చోటే కన్నం. హ్యాచ్‌బ్యాక్‌లో స్పీకర్ ముఖం వెనుక తలుపు వైపు ఉంచి, మధ్యలో పదిహేను సెంటీమీటర్లకు తగ్గకుండా ఖాళీ వదిలితే చాలావరకు మంచి ఫలితం వస్తుంది. పైకి తిప్పి కూడా ఒక పాట విని పోల్చుకోండి. సెడాన్‌లో డిక్కీకి, సీట్లకు మధ్య అడ్డు ఉంటుంది కనుక సీటు మధ్యలోని తలుపు తెరిచి ఉంచడమో, సీటు వైపే ముఖం పెట్టి అంచులు మూయడమో చేయాలి. పై స్వరాలను సబ్‌వూఫర్‌కు వెళ్లనీయకుండా ఆపే లోపాస్ ఫిల్టర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి మొదలుపెట్టండి. నంబరు ప్లేటు, డిక్కీ మూత అదిరితే వాటి వెనుక నురగ పట్టీ అతికించండి. కొత్త పెట్టె మోతకు స్క్రూలు కొంత సడలుతాయి కాబట్టి రెండు వారాల తర్వాత స్పీకర్ స్క్రూలను ఎదురెదురుగా ఒక్కొక్కటే మళ్లీ బిగించి, నొక్కి వదిలే పరీక్షను ఇంకోసారి చేసి చూసుకోవాలి.