జర్మనీలో మొదటి చలికాలం: జలుబు, దగ్గు వచ్చినప్పుడు

చదువు కోసమో ఉద్యోగం కోసమో అక్టోబరులో జర్మనీ చేరినవారికి డిసెంబరు లోపే ఓసారి జలుబు పట్టుకోవడం మామూలే. డాక్టరు దగ్గరికి వెళితే వేడిగా టీ తాగి విశ్రాంతి తీసుకోమని పంపేస్తారు. ఇంజెక్షను ఉండదు, యాంటీబయాటిక్ ఉండదు. పట్టించుకోలేదని బాధపడకండి. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఇంట్లో అమ్మ కాచే శొంఠి కషాయం, ఇక్కడి డాక్టరు చెప్పే మూలికల టీ చేసేది ఒకే పని: గొంతుకు హాయి, ఒంటికి కావలసిన నీరు. జబ్బు మాత్రం దాని రోజులు అది తీసుకునే పోతుంది.

శొంఠి, వాము, మిరియాలు, పసుపు ఇండియా నుంచి మోసుకురానక్కర్లేదు, ఇక్కడి ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి. తులసే కష్టం. సూపర్‌మార్కెట్లో కుండీలతో అమ్మే బాజిలికుమ్ తులసికి దగ్గరి చుట్టమే కానీ తులసి కాదు, వంటలో వాడుకునే ఆకు. కషాయానికి ట్యూమియాన్, అంటే థైమ్ ఆకు కొనుక్కోండి. వాముకు ఘాటునిచ్చే థైమాల్ ఇందులోనూ ఉంటుంది. కప్పు మరిగే నీళ్ళలో ఒక చెంచా ఎండు ఆకు వేసి, ఆవిరి పోకుండా మూతపెట్టి పది నిమిషాలు ఉంచి తాగండి. కఫంతో కూడిన దగ్గుకు ఇక్కడివాళ్ళు తరతరాలుగా వాడుతున్నది ఇదే. గొంతు నొప్పికి జాల్బై ఆకు, అంటే సేజ్, కాచి గోరువెచ్చగా పుక్కిలిస్తారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దాన్ని తాగకపోవడం మంచిది. వీటన్నిటితో పాటు రాత్రి అన్నంలోకి మిరియాల చారు పెట్టుకోండి. ముక్కు దిబ్బడ వేసి ఏదీ రుచించనప్పుడు నాలుగు ముద్దలు లోపలికి పోయేది దానితోనే.

ఈ టీలు డీఎం, రోస్‌మన్ లాంటి షాపుల్లో ఉంటాయి. పారాసిటమాల్ మాత్రం అక్కడ ఉండదు. ఎర్రటి 'ఏ' అక్షరం గుర్తు ఉండే అపోటేకే, అంటే మందుల షాపులోనే కొనాలి. డోలో, క్రోసిన్ అంటే వాళ్ళకు తెలియకపోవచ్చు, మందు పేరే చెప్పండి. జలుబుకని అమ్మే కొన్ని పొడుల్లో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది. పెట్టె మీద చదవకుండా రెండూ కలిపి వేసుకుంటే కాలేయానికి ప్రమాదం. ఆదివారాలు అపోటేకేలు మూసి ఉంటాయి. వంతుల ప్రకారం తెరిచి ఉంచే నోట్‌డీన్‌స్ట్ దుకాణానికి వెళ్ళాలి, అక్కడ అదనంగా 2.50 యూరోలు తీసుకుంటారు.

పిల్లలున్న ఇళ్ళకు గట్టిగా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. పసిపిల్లల ముక్కు దగ్గర, ఛాతీ మీద కర్పూరం, యూకలిప్టస్ తైలం రాయకూడదు, ఊపిరి ఆడకుండా పోయే ప్రమాదం ఉంది. మరిగే నీళ్ళ గిన్నె ముందు పిల్లలను కూర్చోబెట్టి ఆవిరి పట్టించకండి. సాంబ్రాణి పొగ వేస్తే గదిలోని పొగ అలారం మోగుతుంది, దగ్గు కూడా ఎక్కువవుతుంది. పెద్దవాళ్ళలో రక్తపోటు ఉన్నవారు అతిమధురం జోలికి పోవద్దు.

ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మనిషి తికమకగా మాట్లాడుతున్నా కషాయాలతో కాలయాపన చేయకుండా 112కు ఫోను చేయండి. మూడు రోజులైనా జ్వరం దిగకపోతే డాక్టరుకు చూపించాలి. రాత్రివేళ, సెలవు రోజున అయితే 116117 నంబరు ఉంది.

ఉద్యోగం చేసేవారు సెలవు సంగతి మొదటి రోజు ఉదయమే ఆఫీసుకు తెలపాలి. జబ్బు మూడు రోజులు దాటితే డాక్టరు ధ్రువపత్రం తప్పనిసరి, కొన్ని సంస్థలు మొదటి రోజునే అడుగుతాయి. స్వల్ప లక్షణాలైతే ఐదు రోజుల వరకు ఫోను మీదే ఆ పత్రం ఇవ్వవచ్చు, కానీ మీరు అంతకుముందే ఆ డాక్టరుకు తెలిసినవారై ఉండాలి. అందుకే ఊళ్ళో దిగిన కొత్తలోనే, ఒంట్లో బాగున్నప్పుడే, ఇంటికి దగ్గర్లో ఒక హౌస్‌ఆర్ట్స్‌ట్‌ను, అంటే కుటుంబ వైద్యుణ్ణి, చూసుకుని ఒకసారి వెళ్ళి రండి.