అమెరికాలో కొరమీను కావాలంటే ఏమని అడగాలి

చేపల కౌంటర్ దగ్గర ‘మర్రెల్ ఉందా’ అంటే అమెరికాలో చాలామందికి అర్థం కాదు. మర్రెల్ అనేది మన దేశపు ఇంగ్లీషు. మత్స్యశాఖ కాగితాల్లోనూ, తెలంగాణ రాష్ట్ర చేప అని చెప్పేటప్పుడూ వాడతారు. అమెరికాలో ఈ చేపని స్నేక్‌హెడ్ అంటారు. పాము పేరు చూసి వెనక్కి తగ్గకండి, అది మన కొరమీనే.

ఆ పేరు కూడా అన్ని షాపుల్లో కనిపించదు. వియత్నాం వాళ్ల దుకాణంలో ప్యాకెట్ మీద ‘కా లోక్’ అనో ‘మడ్‌ఫిష్’ అనో ఉంటుంది. బంగ్లాదేశీ షాపులో ‘శోల్’ అంటే కొరమీను, ‘టాకి’ అంటే మట్టగిడస. ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చూసి తీసుకోండి. అనుమానంగా ఉంటే లేబుల్ మీద శాస్త్రీయ నామం వెతకండి: ‘చన్నా స్ట్రయాటా’ అని ఉంటే మన చెరువుల్లో పెరిగే జాతే.

ప్రాణంతో ఉన్న చేపని మాత్రం అడగొద్దు. కొరమీను గాలి పీల్చుకోగలదు, తడి ఉంటే నీళ్ల బయట కూడా చాలాసేపు బతుకుతుంది. మన దగ్గర బేసిన్‌లో ఎగిరెగిరి పడుతుంటే కొనేది అందుకే, అమెరికా వాళ్లు భయపడేదీ అందుకే. 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ చెరువులో దీని దగ్గరి జాతి చేపలు పిల్లలతో సహా దొరికాయి. ఒకాయన తోబుట్టువుకి సూప్ పెట్టడానికని న్యూయార్క్‌లో రెండు కొని, అవసరం తీరాక చెరువులో వదిలేశాడని విచారణలో తేలింది. మందు కలిపి ఆ చెరువులో చేపలన్నిటినీ చంపాల్సి వచ్చింది. అదే ఏడాది ఫెడరల్ ప్రభుత్వం స్నేక్‌హెడ్ జాతులన్నిటినీ హానికర జీవుల జాబితాలో చేర్చి, ప్రాణంతో దిగుమతిని ఆపేసింది. చాలా రాష్ట్రాల్లో బతికున్నదాన్ని దగ్గర పెట్టుకోవడమే నేరం. కెనడాలో ఆంటారియోదీ ఇదే వరస. మృగశిర కార్తె నాడు చేపమందు కోసం కొరమీను పిల్లల్ని తెప్పిస్తామని ఎవరైనా అంటే, మొహమాటపడకుండా వద్దనండి.

వాషింగ్టన్ పక్కన పారే పొటోమాక్ నది చుట్టుపక్కల ఉండేవాళ్లకు తాజా చేప కూడా దొరుకుతుంది. ఇది నార్తర్న్ స్నేక్‌హెడ్, మన కొరమీను కంటే బాగా పెద్దది. మాంసం తెల్లగా, గట్టిగా ఉంటుంది, పులుసుకి బాగా నిలుస్తుంది. 2024లో మేరీలాండ్ దీనికి ‘చెసపీక్ చన్నా’ అని కొత్త పేరు పెట్టింది. జనం తినాలంటే పాము పేరు పోవాలి కదా! గాలం వేసి మీరే పట్టాలనుకుంటే ముందు రాష్ట్ర లైసెన్సు తీసుకోండి. ఇంటికి తెచ్చుకునే చేపని అక్కడికక్కడే చంపాలి, బకెట్లో నీళ్లు పోసి తేకూడదు.

కౌంటర్‌లో కోయించుకునేటప్పుడు ‘ఫిలే’ అనకండి. అది ముల్లు తీసేసిన పలక, పులుసులో విడిపోతుంది. ‘స్టీక్స్’ అని చెప్పి, ముప్పావు అంగుళం మందం అడగండి. తల, జన కావాలంటే ముందే చెప్పాలి, లేకపోతే చెత్తబుట్టలోకి పోతాయి. తూకం కోయకముందే వేస్తారు. పౌను అంటే 454 గ్రాములు. తల పెద్ద చేప కాబట్టి కూరకి కావలసినదానికన్నా కాస్త ఎక్కువే తీసుకోండి.

గడ్డకట్టిన చేపని సింక్‌లో వేసి వేడినీళ్లు పోస్తే పైన ఉడికినట్టయి లోపల మంచులాగే ఉంటుంది, ఆ ముక్కలు పులుసులో చెదిరిపోతాయి. రాత్రంతా ఫ్రిజ్‌లో, కింది అరలో గిన్నెలో పెట్టండి. వాక్యూమ్ ప్యాకెట్ అయితే అలా పెట్టే ముందే కవర్ కోసేయాలి. గాలి ఆడని ప్యాకెట్లో చేప కరుగుతుంటే బోట్యులిజం విషాన్ని పుట్టించే బాక్టీరియా పెరగవచ్చు. జిగురు ఉత్త నీళ్లతో వదలదు. కిలో ముక్కలకి గుప్పెడు కోషర్ సాల్ట్, చెంచా పసుపు, అర నిమ్మకాయ రసం వేసి రెండు నిమిషాలు రుద్ది, మూడు నీళ్లు కడగండి. ఉప్పుతో ఎక్కువసేపు వదిలేస్తే ముక్క బిగుసుకుపోతుంది.

వంజరానిది ఇంకో చిక్కు. మన దగ్గర దాన్ని సీర్ ఫిష్ అంటాం, ఇండియన్ స్టోర్ ఫ్రీజర్లో ‘కింగ్ ఫిష్’ అని ఉంటుంది. అమెరికన్ షాపులో దొరికే ‘కింగ్ మాకెరెల్’ దాని దాయాది, అట్లాంటిక్ చేప. పాదరసం ఎక్కువని గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు దాన్ని తినొద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతుంది. వంజరం కూడా అదే కుటుంబానికి చెందిన పెద్ద వేటచేప కాబట్టి, వాళ్ల వరకు దాన్నీ పక్కన పెట్టడమే మంచిది. ఆస్ట్రేలియాలో అయితే వంజరానికి ‘స్పానిష్ మాకెరెల్’ అని అడగాలి, అక్కడ కింగ్‌ఫిష్ అంటే వేరే చేప ఇస్తారు.

పండుగప్పకి ఇంత తిప్పలు లేవు, ‘బారాముండి’ అని ఉంటే తీసుకోండి. ‘గోల్డెన్ పాంపనో’ని చందువా అనుకుని మాత్రం కొనకండి. ఆకారం ఒకలా కనిపిస్తుంది గానీ చేప వేరు. ప్యాకెట్ మీద ‘సిల్వర్ పాంఫ్రెట్’ అని ఉందో లేదో చూసుకోండి.